ఐదువందల నాలుగు గొట్టములు

1944వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీ రాత్రి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున కొలంబియా నదీతీరమందు, అంతకు పూర్వము లోకమున ఎన్నడును లేనంతటి పెద్ద అణు రియాక్టరు పని ప్రారంభించెను. మరునాటి సాయంకాలమునకు అది తనంత తానే చల్లారిపోయెను. దానిని ఎవ్వరును ఆపలేదు; ఏ భాగమును విరిగినట్లు కానరాలేదు. ఆ తరువాతి ఉదయమునకు, ఎవ్వరును మరమ్మతు చేయకయే, అది మరల ప్రాణము తెచ్చుకొనెను. కోట్లకొలది డాలర్లు వెచ్చించి, వేలకొలది జనము శ్రమించి నిర్మించిన యంత్రము ఇట్లు మూర్ఛలు పోవుచుండగా, అచ్చట గుమికూడిన మహాశాస్త్రజ్ఞులు నివ్వెరపోయిరి. ఆ చిక్కు ఎట్లు వచ్చెనో, ఎట్లు విడెనో, విడుటవలన ఏమి జరిగెనో ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము.

అణు రియాక్టరు చరిత్ర యనగానే షికాగో నగరపు క్రీడామైదానము కథ చెప్పుట వాడుక. అది మంచి కథయే. మేమును దానిని విడిచిపెట్టబోము. కాని శాస్త్రజ్ఞుని కాగితముపై సరిపోయిన లెక్క ఇంజనీరు చేతిలో యంత్రముగా మారుటకు ఎంత దూరము నడువవలసి వచ్చెనో తెలియవలెనన్నచో, షికాగో చాలదు. హాన్‌ఫర్డునకు పోవలసినదే.

మొదట సంగతి కొంత విప్పి చెప్పవలెను. 1938 డిసెంబరులో బెర్లినునందు ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు యురేనియమును న్యూట్రానులతో కొట్టగా దానిలో బేరియము కనబడెను. యురేనియము పరమాణు కేంద్రకము రెండుగా చీలినదని, అందుండి అపారమైన శక్తి వెడలుచున్నదని, స్వదేశము విడిచి స్వీడనులో తలదాచుకొనియున్న లీసా మైట్నరును, ఆమె సోదరి కుమారుడు ఆటో ఫ్రిష్‌యును అర్థము చెప్పిరి. చీలిక జరిగిన ప్రతిసారియు సరాసరిని రెండున్నర న్యూట్రానులు కొత్తగా పుట్టునని తరువాత తేలెను. వానిలో ఒక్కటి మరియొక కేంద్రకమును చీల్చినచో, దానినుండి పుట్టినది వేరొకదానిని చీల్చినచో, ఆ చర్య గొలుసువలె సాగిపోవును. దీనినే శృంఖలాచర్య అందురు.

చెప్పుటకు సులభమే. కాని ఈ న్యూట్రానుల వ్యవహారము స్వల్పాదాయము గల గృహస్థుని జమాఖర్చు వంటిది. వచ్చునది రెండున్నర. అందులో కొన్ని బయటికి పోవును. కొన్నింటిని యురేనియమే చీలకుండ మ్రింగును. కొన్నింటిని చుట్టునున్న లోహము, నీరు, మలినములు మ్రింగును. అన్ని ఖర్చులు పోగా ఒకటి మిగిలిననే సంసారము నడచును. ఒకటికి వెంట్రుకవాసి తగ్గినను దివాలాయే. ఈ జమాఖర్చును పాఠకులు మనసునందుంచుకొనవలెనని కోరుచున్నాము. మా కథ యంతయు దానిలోనే యున్నది.

సహజ యురేనియము సులువుగా చీలవలెనన్న న్యూట్రానుల వేగము తగ్గవలెను. గోలీ గోడకు తగిలినచో ఇంచుమించు అదే వేగముతో మరలి వచ్చును. తనంతటి గోలీకి తగిలినచో వేగము పంచుకొని మందగించును. అట్లే న్యూట్రాను తేలికయైన పరమాణువులను ఢీకొని వేగము కోల్పోవును. దానికొరకు ఎన్రికో ఫెర్మి, లియో జిలార్డులు గ్రాఫైటును ఎన్నుకొనిరి. పెన్సిలులోని ముల్లు చేయునదియు ఈ పదార్థముతోనే. కాని బజారు గ్రాఫైటులో బోరాను అను మూలకము లేశమాత్రముగా నుండును. అది న్యూట్రానులకు మహాభక్షకి. జిలార్డు పట్టుపట్టి, తయారీదార్లను వేధించి, బోరాను లేని గ్రాఫైటును రప్పించెను. అదే కాలమున, 1941లో, జర్మనీ దేశమున వాల్టర్ బోథే గ్రాఫైటును పరీక్షించి, అది పనికిరాదని తేల్చెను. ఆయన చూచినది గ్రాఫైటు దోషము కాదు, అందలి మలినముల దోషము. జర్మనులు భారజలమును నమ్ముకొని నార్వే వైపు చూచిరి. ఇంత బోరాను మూలముననే జర్మనీ బాంబు చేయలేకపోయెనని వ్రాసినవారు కలరు. అది అతిశయోక్తి యని మా అభిప్రాయము. వారికి కొరవడినవి ఇంకను చాల కలవు. కాని జమాఖర్చులో చిల్లర పైసయైన ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

1942 డిసెంబరు 2వ తేదీ మధ్యాహ్నము షికాగో విశ్వవిద్యాలయపు స్టాగ్ ఫీల్డు మెట్లక్రింద నున్న ఆటగదిలో ఫెర్మి తన దొంతరను నడిపించెను. దొంతర యనుట నిజమే; ఆంగ్లమున దానిని ‘పైలు’ అనిరి. నలుబదివేలకు పైబడిన గ్రాఫైటు దిమ్మెలను, యురేనియపు ముద్దలను 57 వరుసలుగా పేర్చిరి. న్యూట్రానులను త్రాగివేయు కాడ్మియపు కడ్డీలను, రేడియోపెట్టెలో ధ్వనిని హెచ్చించి తగ్గించు మరవలె, లోనికి త్రోసియు వెలికి లాగియు చర్యను అదుపులో నుంచిరి. సుమారు మూడున్నర గంటలవేళ గొలుసు తెగకుండ సాగెను. విగ్నరు అను హంగేరీ శాస్త్రజ్ఞుడు ముందుచూపుతో తెచ్చియుంచిన ఇటలీ ద్రాక్షసారాయి సీసాను బయటికి తీయగా, అందరును కాగితపు గ్లాసులలో పోసికొని మాటలాడక త్రాగిరి.

ఆనాడు ఆ దొంతరనుండి పుట్టిన శక్తి అరవాటు. చేతిదీపపు బల్బును కూడ వెలిగింపజాలదు. ఇప్పుడొక లెక్క చూడుడు. ఆ రియాక్టరులు నిర్మించినది విద్యుత్తు కొరకు కాదు. యురేనియమునుండి ప్లుటోనియము అను కొత్త మూలకమును పండించి బాంబు చేయుటకు. పది లక్షల వాట్ల శక్తితో, అనగా ఒక మెగావాటుతో, ఒక దినము నడచిన రియాక్టరులో సుమారు ఒక గ్రాము ప్లుటోనియము తయారగును. అరవాటుతో నడచు దొంతర ఒక గ్రామును ఇచ్చుటకు అయిదువేల సంవత్సరములకు పైగా పట్టును. బాంబునకు వలసినది సుమారు ఆరు కిలోగ్రాములు. షికాగోకును హాన్‌ఫర్డునకును నడుమ దూరము ఇంత.

ఈ దూరమును దాటించు భారము డ్యూపాంట్ అను రసాయన కంపెనీపై పడెను. మొదటి ప్రపంచయుద్ధమున మందుగుండు అమ్మి లాభము గడించినవారని, మృత్యువుతో బేరమాడినవారని నిందపడిన కంపెనీ అది. కావున ఈ పని ఒప్పుకొనునపుడు ఖర్చులుగాక ఒక్క డాలరు మాత్రమే ప్రతిఫలముగా తీసికొందుమని వ్రాసికొనిరి. ఆ కంపెనీ పక్షమున క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ షికాగో ప్రయోగమును కన్నులార చూచి వచ్చినవాడు.

స్థలము వెదకిరి. చల్లని నీరు సమృద్ధిగా కావలెను; విద్యుత్తు కావలెను; జనము ఉండరాదు. కొలంబియా నది నీరు, గ్రాండ్ కూలీ ఆనకట్ట విద్యుత్తు మొదటి రెండు అవసరములను తీర్చెను. మూడవది మాత్రము ఉత్తరువుతో తీర్చిరి. ఆ తీరమున హాన్‌ఫర్డు, వైట్ బ్లఫ్స్ అను చిన్న ఊళ్లు కలవు. నీరు పారించి పండ్లతోటలు పెంచుకొన్న రైతులు కలరు. 1943 మార్చిలో వారి చేతికి తాఖీదులు వచ్చెను. కొద్ది వారములలో ఇండ్లు, తోటలు విడిచి పోవలెనని అందులోని మాట. ఎందుకో అందులో లేదు. ఇంచుమించు పదునైదువందలమంది లేచిపోయిరి. తరతరములుగా ఆ నదిలో చేపలు పట్టుకొని బ్రదుకుచున్న వానాపమ్ అను ఆదివాసి జనులకు ఆ రేవులు మూతపడెను. ఆనకట్టలకును, కర్మాగారములకును ఊళ్లు ఖాళీ చేయుట మన దేశమున ఎరుగనిది కాదు గనుక, ఈ భాగము మా పాఠకులకు వివరించి చెప్పనక్కరలేదు.

పోయినవారి స్థానమున వచ్చినవారు అధికులు. నిర్మాణము ముమ్మరముగా సాగు దినములలో అచ్చట 45 వేలమంది పనిచేసిరి. పెద్దపెద్ద భోజనశాలలు, వరుసలుగా కొయ్యపాకలు, ఎడతెగని ఇసుకగాలి. తాము కట్టుచున్నదేమో వారిలో నూటికి తొంబదితొమ్మిదిమందికి తెలియదు. శాస్త్రజ్ఞులు కూడ మారుపేర్లతో తిరిగిరి. ఫెర్మికి హెన్రీ ఫార్మర్ అని పేరు పెట్టిరి. ఫార్మరనగా రైతు; నిజమైన రైతులను వెళ్లగొట్టిన చోటికి ఈ కపటపు రైతు వచ్చెనన్నమాట.

రియాక్టరు రూపమును నిర్ణయించినది షికాగోలో సీసా తెచ్చిన ఆ విగ్నరే. ఆయన చిన్ననాడు చదివినది రసాయన ఇంజనీరింగు. ముప్పదియారు అడుగుల యెత్తు, అంతే వెడల్పు, ఇరువదియెనిమిది అడుగుల లోతు గల గ్రాఫైటు దిమ్మె. దాని ముందు ముఖమునుండి వెనుక ముఖమునకు అడ్డముగా అల్యూమినియపు గొట్టములు. వానిలో అల్యూమినియపు తొడుగు వేసిన జానెడు పొడవు యురేనియపు ముక్కలు. గొట్టమునకును ముక్కకును నడుమనున్న సన్నని సందులో నదీజలము పరుగెత్తి వేడిని తీసికొని పోవలెను. ముందువైపు కొత్త ముక్కలను త్రోయగా, కాలినవి వెనుకనుండి జారి లోతైన నీటిమడుగులో పడును. మూడువేలు, నాలుగువేలు కాదు, నిమిషమునకు 75,000 గాలనుల నీరు దాని గుండ ప్రవహించుటకు ఏర్పాట్లు చేసిరి. ఆ నీటిని కొన్ని గంటలు తొట్లలో నిలిపి, మరల నదిలోనికే విడిచిరి.

ఈ వర్ణనలో అన్నింటికన్న చిన్నదిగా తోచునది తొడుగు. అదే అందరి నిద్రను పాడుచేసినది. తొడుగులో సూదిమొనంత రంధ్రమున్నను నీరు లోపలికి చొచ్చును, యురేనియము ఉబ్బును, ముక్క గొట్టములో బిగిసిపోవును, నీరు ఆగును. వేలకొలది ముక్కలలో ఒక్కటియు చెడరాదు. లోహమునకు లోహము అంటుకొనునట్లు తొడుగు వేయు విధానము 1944 వేసవి వరకు సరిగా కుదరలేదు. రియాక్టరు కట్టడము ముగియవచ్చుచుండగా, లోపల పెట్టవలసిన ఇంధనము ఇంకను చేతికి రాకుండెను. ఇంధనమునకు తొడుగు వేయు విద్య అప్పటినుండి ఒక ప్రత్యేక పరిశ్రమగా పెరిగెను. మన హైదరాబాదునందు 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయము చేయు పనులలో ముఖ్యమైనది ఇదియే, అల్యూమినియమునకు బదులు జిర్కోనియపు మిశ్రలోహముతో.

ఇక గొట్టముల సంఖ్య. విగ్నరు బృందము లెక్కలు కట్టి 1,500 గొట్టములు చాలుననిరి. దిమ్మె చతురస్రము, 1,500 గొట్టములు దాని నడుమ గుండ్రముగా అమరును, నాలుగు మూలలును ఖాళీ. డ్యూపాంట్ వారి జార్జి గ్రేవ్స్ దీనికి సమ్మతింపలేదు. మూలలలో కూడ గొట్టములు వేయవలసినదే యనెను. కంపెనీకి సలహాదారుగా నున్న జాన్ వీలర్ అను యువ భౌతిక శాస్త్రజ్ఞుడు ఆయనను బలపరచెను. చీలికలో పుట్టు నానావిధ పదార్థములలో న్యూట్రానులను విపరీతముగా మ్రింగునది ఏదైన ఉండవచ్చునని వీలరుకు ముందునుండియు అనుమానము. ఉన్నదని ఆయన చెప్పలేడు. లేదని ఎవ్వరును చెప్పలేరు. షికాగోవారికి కోపము వచ్చెను. యుద్ధము సాగుచుండగా ఇంత అదనపు పని, అదనపు ఖర్చు, అదనపు కాలము దేనికని ప్రశ్నించిరి. తమ లెక్కలపై ఇంజనీర్లకు నమ్మకము లేదని నొచ్చుకొనిరి. గ్రేవ్స్ మాటయే నెగ్గెను. 504 గొట్టములు చేరి మొత్తము 2,004 అయ్యెను.

సెప్టెంబరు 13న ఇంధనము నింపుట మొదలుపెట్టిరి. 26వ తేదీ రాత్రి కడ్డీలను వెలికి తీయగా శృంఖలాచర్య సాగెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట శక్తి తొమ్మిది మెగావాట్ల వరకు పెరిగెను. ఆనాటికి లోకమున ఏ రియాక్టరును అంత శక్తి నిచ్చి యెరుగదు. కొన్ని గంటలకు ముల్లు దిగజార మొదలిడెను. కడ్డీని కొంచెము వెలికి లాగిరి. నిలిచినట్లే నిలిచి మరల దిగెను. ఇంకను లాగిరి. చివరకు లాగుటకు కడ్డీ మిగులలేదు. 27వ తేదీ సాయంకాలమునకు చర్య పూర్తిగా ఆగిపోయెను.

గొట్టమేదైన పగిలి నీరు గ్రాఫైటులోనికి కారినదా? నదీజలములో బోరాను ఉన్నదా? ఒక్కొక్కటే పరీక్షించి త్రోసిపుచ్చిరి. ఇంతలో మరునాటి ఉదయమునకు రియాక్టరు తానై తేరుకొనెను. నడిపిరి, మరల పడిపోయెను. ఈ తేరుకొనుటయే రహస్యమును బయటపెట్టినది. నీరు కారినచో దానంతట అది ఎండిపోదు. మలినము దానంతట అది మాయము కాదు. కొన్ని గంటలలో పుట్టి, కొన్ని గంటలలో నశించునది ఏదో లోపల నున్నదన్నమాట. వీలరు ఆ పడుటకును లేచుటకును పట్టిన కాలములను కొలిచి, తల్లి పదార్థమునకు ఇన్ని గంటల అర్ధాయువు, పిల్ల పదార్థమునకు ఇన్ని గంటలు ఉండవలెనని అంచనా కట్టెను. పట్టికలు తిరుగవేయగా ఆ లక్షణములు ఒక్క దంపతికే సరిపడెను. చీలికలో పుట్టు అయొడిను-135, ఆరుగంటల నలుబది నిమిషముల ప్రాంతమున సగము నశించి, జీనాన్-135 అను వాయువుగా మారును. ఆ జీనాన్ సుమారు తొమ్మిది గంటలలో సగము నశించును. ఫెర్మియు, షికాగో ప్రయోగమున పాల్గొన్న ఏకైక మహిళ లియోనా వుడ్స్ మార్షలును లెక్కలు సరిచూచిరి.

న్యూట్రానులను మ్రింగుటలో ఈ జీనాన్ ముందు కాడ్మియము శిశువు. పరమాణువునకు పరమాణువు పోల్చినచో ఇది దానికి సుమారు వెయ్యి రెట్లు. బయటినుండి వచ్చిన మలినము కాదు. చర్యకు పుట్టి, చర్యనే మ్రింగుచున్నది. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని మన పెద్దలనుట ఇట్టి వాని విషయముననే. ఈ దొంగ 1943 నవంబరునుండి టెనెస్సీ రాష్ట్రమున ఓక్ రిడ్జి వద్ద నడచుచున్న చిన్న రియాక్టరులో ఏల పట్టుబడలేదు? దాని శక్తి తక్కువ. పుట్టిన జీనాన్ కొంచెము. జమాఖర్చులో తేడా కంటికి ఆనలేదు. హాన్‌ఫర్డునుండి కబురు రాగానే షికాగో సమీపమున ఆర్గాన్ వద్ద వాల్టర్ జిన్ తన భారజల రియాక్టరును పూర్తి శక్తితో గంటల తరబడి నడిపి చూచెను. అచ్చటను జీనాన్ తల చూపెను.

దొంగ ఎవరో తెలిసినంతమాత్రమున ఇల్లు గడవదు. జీనాన్‌ను పుట్టకుండ చేయుట అసాధ్యము. చేయగలిగినది ఒక్కటే, అది మ్రింగినను ఒకటి మిగులునంత రాబడి పెంచుట. అనగా యురేనియము ఎక్కువ వేయుట. 1,500 గొట్టములను నింపినను రియాక్టరు సంకల్పించిన 250 మెగావాట్లకు చాల దిగువనే ఆగెను. అప్పుడు మూలలవైపు చూచిరి. అక్కడ 504 గొట్టములు సిద్ధముగా నుండెను. వానికి కావలసిన నీటి అమరికలు బిగించి, డిసెంబరు చివరకు మొత్తము 2,004 గొట్టములను నింపి నడిపిరి. జీనాన్ తన భాగము తాను తినెను, రియాక్టరు నడచెను.

ఈ కథను చెప్పువారు కొందరు గ్రేవ్స్‌ను అదృష్టవంతుడందురు. మేము ఒప్పుకొనము. ఆయనకు జీనాన్ సంగతి తెలియదు, నిజమే. కాని రసాయన కర్మాగారములు కట్టినవారికి ఒక అనుభవము కలదు. ప్రయోగశాలలో గిన్నెలో కుదిరినది కర్మాగారపు బానలో కుదరదు; ఏది కుదరదో ముందు తెలియదు; కావున ఎడము విడువవలెను. గ్రేవ్స్ విడిచిన ఎడము అట్టిది. విగ్నరు లెక్కలు తప్పని కాదు. లెక్కలో లేని వస్తువు లోకములో ఉండెను, అంతియే.

అయితే ఆ ఎడము వలన కలిసివచ్చిన కాలము దేనికి వినియోగపడినదో కూడ ఇక్కడనే చెప్పవలెను. గొట్టములు 1,500 మాత్రమే యుండినచో దిమ్మెనే కొత్తగా కట్టవలసి యుండెడిది, నెలలు గడచెడివి. కట్టవలసిన అవసరము లేకపోయినందున 1945 ఫిబ్రవరి మొదటి దినములలోనే హాన్‌ఫర్డు ప్లుటోనియము న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు బయలుదేరెను. జూలై 16న అక్కడి ఎడారిలో పేల్చిన మొదటి బాంబులో నున్నది హాన్‌ఫర్డు ప్లుటోనియమే. ఆగస్టు 9న నాగసాకి నగరముపై పడిన దానిలో నున్నదియు అదే. ఆ సంవత్సరాంతమునకు ఆ నగరమున మరణించినవారు డెబ్బదివేల ప్రాంతము. తాము రెండేండ్లు కట్టినదేమో హాన్‌ఫర్డు కూలివానికి తెలిసినది ఆ వారములోనే, వార్తాపత్రిక చదివి. గ్రేవ్స్ దూరదృష్టిని మెచ్చుకొనుచు నాగసాకిని వేరొక ప్రసంగమునకు వాయిదా వేయుట న్యాయము కాదని మాకు తోచినది. ఆ మూలల గొట్టములు లేకున్నచో ఆగస్టు 9వ తేదీ ఆ నగరమున ఎట్లు తెల్లవారి ఎట్లు పొద్దుగ్రుంకెడిదో ఎవరు చెప్పగలరు?

జీనాన్ మాత్రము హాన్‌ఫర్డుతో ఆగలేదు. అటుపిమ్మట రియాక్టరు నడుప నేర్చిన ప్రతివారును దానిని గూర్చి చదువుకొన్నవారే. అయినను 1986 ఏప్రిల్ 26వ తేదీ రాత్రి చెర్నోబిల్‌లో అది తన వంతు నిర్వహించెను. ఒక పరీక్షకై శక్తి తగ్గించుచుండగా అది మితిమీరి పడిపోయెను, జీనాన్ పేరుకొనెను, చర్యను నిలుపుటకు నడుపువారు ఇంచుమించు కడ్డీలనన్నింటిని వెలికి లాగిరి. హాన్‌ఫర్డు నియంత్రణ గదిలో ఆ సెప్టెంబరున లాగినట్లే. కాని చెర్నోబిల్ యంత్రపు స్వభావము వేరు, దాని కడ్డీల నిర్మాణములో లోపము వేరు. అచ్చట రియాక్టరు చల్లారలేదు, పేలిపోయెను.

హాన్‌ఫర్డులో ఆ తరువాత మరి ఎనిమిది రియాక్టరులు వెలసెను. ప్లుటోనియము వేరుచేయగా మిగిలిన విషద్రవములను భూమిలో పాతిన 177 తొట్లలో నింపిరి. అయిదున్నర కోట్ల గాలనులకు పైబడిన ఆ వ్యర్థమును శుద్ధిచేయు పని 1989లో చేసికొన్న ఒడంబడికపై మొదలై, ఆ శతాబ్దము ముగిసినను ముగియలేదు. ఈ కథలోని మొదటి రియాక్టరును 1968 ఫిబ్రవరిలో మూసివేసిరి. 2008లో అది జాతీయ చారిత్రక స్మారకముగను, 2015లో జాతీయ చారిత్రక ఉద్యానమున భాగముగను ప్రకటింపబడెను. దాని ముందు ముఖము అట్లే నిలిచినది. గొట్టముల కొనలు వరుసవరుసలుగా, తేనెపట్టు గదులవలె, గోడనిండ పరచికొనియున్నవి. వాని నడుమ గుండ్రని హద్దు ఏదియు కానరాదు. మూలలలో నున్నవి ఇతర గొట్టములవంటివే.